వేలితో గీసిన ఏరియా

హైదరాబాద్‌లోని కేపీహెచ్‌బీ కాలనీలో అద్దె ఇల్లు కావాలని ఫోన్‌లో వెతికితే నిజాంపేట, ప్రగతి నగర్ ఇళ్లు కూడా వరసకట్టి వస్తాయి. వాటి కింద ‘కేపీహెచ్‌బీకి ఐదు నిమిషాలు’ అని రాసి ఉంటుంది. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద బండి వేసుకుని వెళ్తే ఆ మాట నిజమే కావచ్చు. ఇల్లు వెతికేవాళ్ల మనసులో ఉన్న ఏరియా మాత్రం వేరు. జేఎన్‌టీయూ మెట్రోకి నడిచి వెళ్లగలగాలి. పిల్లల బడి కోసం రైలు పట్టాలు దాటే పని ఉండకూడదు. మూసాపేట వైపు కొంచెం జరిగినా ఫర్వాలేదు, నిజాంపేట రోడ్డు లోపలికి మాత్రం వద్దు. ఇన్ని షరతులున్న ఈ చోటుకు ఒక పేరంటూ లేదు. బ్రోకర్‌కి చెప్పాల్సి వస్తే చేత్తో గాల్లో ఒక గుండ్రం చుట్టి, ‘ఇదిగో, ఈ మధ్యలో చూడండి’ అంటారు.

మ్యాప్ మీద సొంతంగా ఏరియా గీసుకునే సౌకర్యం ఆ గాల్లో చుట్టిన గుండ్రం లాంటిదే. పైకి చిన్న పనిలా కనిపిస్తుంది: ఒక బటన్, ఒక గీత, గీత లోపల ఉన్న ఇళ్లు. గీత గీయించడం నిజంగానే తేలిక, అందుకు ఉచితంగా దొరికే కోడ్ లైబ్రరీలు చాలానే ఉన్నాయి. వేలు తెర మీద నుంచి లేచాక మొదలయ్యేదే అసలు డిజైన్. చాలా టూల్స్ ఆ గీతను కంచెలా చూస్తాయి. గీసిన మనిషి ఉద్దేశం అంత కచ్చితమైనది కాదు. ‘సుమారుగా ఇక్కడ’ అని వేలు చూపించడమే అది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను పట్టించుకోకపోతే టూల్ చెప్పే ప్రతి లెక్కా సరిగ్గానే ఉంటుంది, దొరకాల్సిన ఇల్లు మాత్రం దొరకదు.

పేర్లతో వచ్చే చిక్కు

పేరు కొట్టి వెతకడం ఈ నగరంలో ఎందుకు సరిపోదన్నది ముందు చూడాలి. 2007లో పాత మున్సిపల్ కార్పొరేషన్‌తో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడింది. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, మల్కాజిగిరి అంతకుముందు దేనికది ఒక మున్సిపాలిటీ. ఇప్పుడు ఆ పేర్లే అసెంబ్లీ నియోజకవర్గాలకూ, మున్సిపల్ సర్కిళ్లకూ, బస్టాపులకూ వాడుతున్నారు. కూకట్‌పల్లి అన్న ఒక్క మాటకు ఓటరు జాబితాలో ఒక హద్దు, మెట్రో స్టేషన్ దగ్గర ఒక హద్దు, బ్రోకర్ నోట్లో ఇంకో హద్దు. బ్రోకర్ హద్దే అన్నిటికంటే పెద్దది.

పిన్‌కోడ్ ఈ ముడి విప్పుతుందా అంటే అదీ లేదు. 1972 ఆగస్టు 15న ఆ పద్ధతి వచ్చింది ఉత్తరాల బట్వాడా కోసం. ఏ పోస్టాఫీసు నుంచి ఏ వీధికి ఉత్తరం వెళ్లాలో అది చెబుతుంది, ఎక్కడ ఉంటే ఎలా ఉంటుందో చెప్పదు. కేపీహెచ్‌బీ చిరునామాల్లోనే 500072 కనిపిస్తుంది, 500085 కూడా కనిపిస్తుంది. వార్డుల హద్దులు ఎన్నికల అవసరాన్ని బట్టి మారుతుంటాయి. అద్దెకు ఇల్లు వెతికే కుటుంబానికి తమది ఏ వార్డో చాలాసార్లు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాదు.

జనం తమ పద్ధతిలో తాము దారి కనిపెట్టుకున్నారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వెళ్లే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలైంది. అప్పటి నుంచి అత్తాపూర్‌లో దుకాణాల బోర్డుల మీద కూడా పిల్లర్ నంబరే చిరునామా. మెట్రో దారుల్లోనూ అదే అలవాటు వచ్చింది. కేపీహెచ్‌బీలో ఫేజ్ చెబుతారు, బంజారా హిల్స్‌లో రోడ్ నంబర్ చెబుతారు. బాలానగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్న నగరం ఇది. దేశం పటాలు నేర్చుకునే ఊళ్లోనే ఇంటికి దారి చెప్పాలంటే ‘ఫలానా పిల్లర్ దగ్గర ఎడమకి తిరగండి’ అనాల్సి వస్తోంది. ఇందులో తప్పేమీ లేదు. ప్రభుత్వం గీసిన హద్దులకూ మనుషులు తిరిగే హద్దులకూ పొంతన కుదరదు, అంతే.

గీతకు బదులుగా ఇంకొన్ని దారులున్నాయి. ఒక చోట పిన్ను గుచ్చి ‘రెండు కిలోమీటర్ల లోపల’ అనడం అన్నిటికంటే సులువు. ఆఫీసు ఒకటే అయి, దాని చుట్టూ అన్ని దిక్కులూ సమానమైతే అది చాలు. హైదరాబాద్‌లో ఆ అదృష్టం అరుదు. ఖైరతాబాద్ మధ్యలో పెట్టి నాలుగు కిలోమీటర్ల వృత్తం గీస్తే హుస్సేన్ సాగర్ అవతల ఉన్న కవాడిగూడ కూడా లోపలికి వచ్చేస్తుంది, నీళ్ల మీద నడిచి రాలేం కదా. చదరపు పెట్టె గీయించడం ప్రోగ్రామర్‌కు సుఖం, వాడేవాళ్లకు అందులో ఒరిగేది ఏమీ లేదు. ప్రయాణ సమయంతో వెతకడం వీటన్నిటికంటే తెలివైన పద్ధతి, దాని సంగతి తర్వాత వస్తుంది.

వేలి కింద ఎంత ఊరు

గీయించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒక్కో మూల దగ్గర తాకుతూ చుక్కలు కలుపుకుంటూ పోవడం మొదటిది. వేలు ఎత్తకుండా ఒకే ఊపులో చుట్టడం రెండోది. కంప్యూటర్ ముందు మౌస్ పట్టుకుని కూర్చున్నవాళ్లకు చుక్కల పద్ధతి నచ్చుతుంది, ప్రతి మూలా వాళ్ల చేతిలో ఉంటుంది. అద్దె ఇళ్లు వెతికేవాళ్లు ఎక్కువగా ఫోన్‌లోనే వెతుకుతారు, అదీ మెట్రోలో నిలబడి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని. వాళ్లకు చుట్టడమే సులువు.

అయితే ఫోన్‌లో ఒక తగువు ఉంది. వేలు పెట్టి లాగితే మ్యాప్ జరగాలా, గీత పడాలా? రెండూ ఒకే కదలిక. అందుకే ‘ఏరియా గీయండి’ అన్న బటన్ నొక్కగానే తెర మారినట్టు స్పష్టంగా కనిపించాలి. పైన ఒక పట్టీ రావాలి, మ్యాప్ జరగడం ఆగిపోవాలి. గీస్తున్నప్పుడు ఊరు కాస్త పక్కకు జరపాలంటే రెండు వేళ్లతో జరగాలి. వేలు ఎత్తగానే గీత దానంతట అదే మూసుకుపోవాలి. మొదలుపెట్టిన చుక్క మీదికే తిరిగి రమ్మని అడగడం వాడేవాళ్లకు పెట్టే పరీక్ష.

ఇక కచ్చితత్వం సంగతి. ఇక్కడ చిన్న గుణకారం చాలా విషయం చెబుతుంది. వెబ్ మ్యాపులు లోకాన్ని 256 పిక్సెళ్ల పలకలుగా కోసి చూపిస్తాయి. ఆ లెక్కలో జూమ్ 12 దగ్గర (అంకె పెరిగేకొద్దీ మ్యాప్ దగ్గరికి వస్తుంది), హైదరాబాద్ ఉన్న అక్షాంశం మీద, ఒక పిక్సెల్ అంటే నేల మీద సుమారు 36 మీటర్లు. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెర మీద 13 కిలోమీటర్లు పడతాయి, అంటే దాదాపు గచ్చిబౌలి నుంచి బేగంపేట దాకా. వేలితో తాకే చోటు కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్ చెబుతుంది, ఆండ్రాయిడ్ అయితే 48 అంటుంది. ఈ లెక్కలో పాయింట్ అన్నా, పైన చెప్పిన పిక్సెల్ అన్నా ఒకటే. 44ను 36తో గుణిస్తే దాదాపు 1.6 కిలోమీటర్లు. అంటే వేలు ఆనించగానే అమీర్‌పేట్, పంజాగుట్ట మెట్రో స్టేషన్లు రెండూ దాని కింద దాక్కుంటాయి. వేలి కింద ఏముందో కనిపించకుండానే గీత పోతుంటుంది. అదే జూమ్ 15 దాకా దగ్గరికి వెళ్తే ఆ వేలు కప్పేది 200 మీటర్లే.

దీన్నుంచి డిజైన్‌కు ఒక పని తేలుతుంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. గీతతో పాటు, గీసినప్పుడు జూమ్ ఎంత ఉందో కూడా దాచుకోవాలి. ఊరంతా కనిపించేలా పెట్టుకుని చుట్టిన మనిషికి అర కిలోమీటరు అటూ ఇటూ పట్టింపు లేదని ఆ జూమ్ చెబుతుంది. గల్లీ కనిపించేంత దగ్గరికి వెళ్లి గీసినవాళ్లు ఆ గల్లీనే అడుగుతున్నారు. గీత ఒకేలా ఉన్నా అడుగుతున్నది వేరు.

వేలు ఎత్తాక

వేలు కదులుతున్నంతసేపూ ఫోన్ చుక్కలు పోగేస్తుంది. ఒక్క చుట్టుకే వందల చుక్కలు తయారవుతాయి, సగం చేతి వణుకే. వాటన్నిటినీ సర్వర్‌కు పంపడం దండగ. 1973లో డేవిడ్ డగ్లస్, థామస్ ప్యూకర్ ప్రచురించిన పద్ధతి ఇందుకు ఇప్పటికీ పనికొస్తుంది. మేస్త్రీ గోడ రెండు చివరల మధ్య దారం లాగి, దారానికి దూరంగా పొంగిన ఇటుకను పట్టుకున్నట్టే ఇదీ. గీత రెండు చివరలనూ కలిపి, ఆ దారానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చుక్కను చూస్తారు. ఆ దూరం అనుకున్న హద్దు లోపలే ఉంటే మధ్యలోని చుక్కలన్నీ తీసేయవచ్చు. దాటితే ఆ చుక్క దగ్గర గీతను రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద మళ్లీ అదే పని. చివరికి ముప్పై నలభై చుక్కలు మిగులుతాయి. ఆ హద్దు కూడా జూమ్‌ను బట్టే ఉండాలి. ఊరంత గీతకు 20 మీటర్ల హద్దు పెట్టడం చాదస్తం.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పలచబరిచిన గీత, గీసినవాళ్ల కళ్ల ముందే కోణాలు కోణాలుగా మారిపోతే ‘నేను గీసింది ఇది కాదే’ అనిపిస్తుంది. కనిపించే గీత నున్నగానే ఉండనిచ్చి, వెతకడానికి వాడేది పలచగా ఉంచుకోవచ్చు. లేదా మార్పు కంటికి ఆననంత చిన్నగా ఉండాలి.

గీత తనను తాను దాటుకోవడం ఇంకో తలనొప్పి. కాగితం మీద ఒక మాటను నొక్కి చెప్పాలంటే దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుడతారు. మ్యాప్ మీదా అలాగే చుట్టేవాళ్లున్నారు. లోపలా బయటా తేల్చే మామూలు పద్ధతి సరి బేసి లెక్క. చీకట్లో ఒక కాంపౌండ్ లోపల ఉన్నామో బయట ఉన్నామో తెలియకపోతే, ఒకే దిక్కుకు నడుస్తూ ఎన్ని గోడలు దాటామో లెక్కపెట్టాలి. బేసి వస్తే బయల్దేరిన చోటు లోపల, సరి వస్తే బయట. ఒక్క గోడ ఉన్నప్పుడు ఇది తిరుగులేని లెక్క. రెండుసార్లు చుట్టినచోట మాత్రం రెండు గోడలు లెక్కకొస్తాయి, సరి సంఖ్య, అంటే బయట! ‘ఇక్కడే కావాలి’ అని రెండుసార్లు చుట్టినవాళ్లకు సరిగ్గా అక్కడి ఇళ్లే రావు. అందుకే చేత్తో గీసిన గీతలకు, ఎన్నిసార్లు చుట్టినా లోపలిది లోపలే అనే రెండో నియమం వాడాలి. లేదా వెతికే ముందే గీతను సరిచేసి, బయటి అంచును మాత్రం ఉంచుకోవాలి. పోస్ట్‌జిస్ లాంటి డేటాబేస్‌లలో చెడిన గీతలను బాగుచేసే ఫంక్షన్ ఉంది కానీ, అది ఏ నియమంతో బాగుచేస్తుందో చూడకుండా నమ్మకూడదు.

వేల ఇళ్లలో ప్రతి ఇంటికీ ఈ గోడల లెక్క వేస్తూ కూర్చోనక్కర్లేదు. ముందు పెద్ద కన్నాల జల్లెడ పడతారు. గీత చుట్టూ పట్టే ఒక పెట్టె అనుకుని, ఆ పెట్టెలో లేనివన్నీ ఒక్క దెబ్బకు తీసేస్తారు. మిగిలినవాటికే అసలు లెక్క. ఆ పెట్టెలను చెట్టులా పేర్చి త్వరగా వెతికే ఆర్-ట్రీ అనే అమరికను 1984లో ఆంటొనిన్ గట్‌మన్ వివరించారు, ఇవాళ్టి డేటాబేస్‌లలో దాని వంశమే నడుస్తోంది. ఒక నగరం మేరకు వేగం సమస్యే కాదు.

వేగం కంటే ఎక్కువ మందిని ఏడిపించేది ఒక చిన్న తారుమారు. నోటితో చెప్పేటప్పుడు అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత చెబుతారు. హైదరాబాద్ అయితే 17.4, 78.5. మ్యాప్ ఆకారాలను దాచే జియోజేసన్ పద్ధతిలో రేఖాంశమే ముందు రాయాలి. ఇది మరిచిపోయి తిరగేస్తే 78.5 ఉత్తర అక్షాంశం, 17.4 తూర్పు రేఖాంశం అవుతుంది. అది నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో మంచు మధ్య పడుతుంది. మాదాపూర్‌లో టూ బీహెచ్‌కే వెతికితే ఒక్క ఇల్లూ రాలేదంటే ముందు ఇదే చూసుకోవాలి. అక్కడ ధ్రువపు ఎలుగుబంట్లు తప్ప అద్దెకిచ్చేవాళ్లు లేరు.

పిన్ను ఎక్కడ గుచ్చారు?

ఇప్పటిదాకా గీత గురించే మాట. గీత ఎంత బాగున్నా, దాని లోపల ఉందో లేదో చూడాల్సిన ఇల్లు మ్యాప్ మీద తన చోటులో ఉండాలి కదా. అసలు బండి ఆగేది ఇక్కడే.

ఇంటి ప్రకటన ఎలా పెడతారో ఊహించుకుంటే విషయం అర్థమవుతుంది. యజమాని ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో వివరాలు నింపుతాడు, ‘ప్రస్తుత లొకేషన్’ నొక్కుతాడు. కొండాపూర్ ఇంటి పిన్ను సికింద్రాబాద్‌లో పడుతుంది. బ్రోకర్ అయితే తన దుకాణం దగ్గరే ఇరవై ఇళ్లకూ పిన్ను పెట్టేస్తాడు. ఇంకొందరు పిన్ను పెట్టరు, ‘కొండాపూర్’ అని రాసి వదిలేస్తారు. అప్పుడు టూల్ ఆ పేరుకు ఎక్కడో ఒక మధ్య బిందువు వెతికి, కొండాపూర్ అని రాసిన ప్రతి ఇంటినీ అక్కడే నిలబెడుతుంది. ఇంకో రకం కూడా ఉంది. ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్ల గుట్టు బయటపడకుండా పిన్నును కావాలనే నాలుగు వీధులు అటూ ఇటూ జరుపుతారు. అది తప్పు కాదు, మంచి పనే. అయితే ఆ సంగతి వెతికే టూల్‌కు తెలియాలి.

ఇలాంటి పిన్నుల మీద కచ్చితమైన గీత పెడితే ఏమవుతుంది? గీత ఆ మధ్య బిందువును తాకీ తాకకుండా పోతే వంద ఇళ్లు ఒక్కసారిగా వస్తాయి లేదా ఒక్కసారిగా మాయమవుతాయి. గీత పది మీటర్లు జరిపితే లెక్క మూడు నుంచి నూటమూడుకు ఎగురుతుంది. వాడేవాళ్లు తమ గీతనే తప్పుపట్టుకుంటారు.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. వేర్వేరు యజమానుల ఇళ్లు పదుల కొద్దీ చివరి అంకె దాకా ఒకే అక్షాంశ రేఖాంశాల మీద ఉన్నాయంటే అది ఇల్లు కాదు, పేరుకు పెట్టిన గుర్తు. పిన్ను పెట్టిన చోటుకూ రాసిన కాలనీ పేరుకూ ఐదు కిలోమీటర్లు దూరం ఉంటే అది ఆఫీసో దుకాణమో. ఇలా ప్రతి ప్రకటనకూ ఒక నమ్మకం స్థాయి పెట్టుకోవచ్చు: గేటు దాకా తెలిసినవి, వీధి దాకా తెలిసినవి, ఏరియా పేరు మాత్రమే తెలిసినవి. మొదటి రకాన్ని గీత తేలుస్తుంది. రెండో రకాన్ని చుక్కలా చూడకుండా చిన్న వృత్తంలా చూడాలి. వృత్తం గీతను తాకినా ఫలితాల్లోకి రానివ్వాలి, ‘సుమారు’ అన్న మాట తగిలించి. మూడో రకాన్ని మ్యాప్ మీద పిన్నుగా చూపించడమే అబద్ధం. జాబితా అడుగున వేరుగా, ‘చోటు సరిగా తెలియనివి, ఫోన్ చేసి అడగండి’ అని పెడితే సరిపోతుంది.

ప్రకటన పెట్టేటప్పుడే సరిచేయించడం అన్నిటికంటే మేలు. ‘మీరు ఇప్పుడు ఆ ఇంటి దగ్గరే ఉన్నారా?’ అన్న ఒక్క ప్రశ్న చాలా పిన్నులను దారిలో పెడుతుంది. పిల్లర్ నంబరో, గుడో, ఫంక్షన్ హాలో అడిగి, దాని పక్కన పిన్నును వేలితో జరపమంటే యజమానులు మారు మాట్లాడకుండా చేస్తారు, ఎందుకంటే ఫోన్‌లో దారి చెప్పీ చెప్పీ విసిగిపోయేది వాళ్లే.

గీత పక్కన

జనం గీత గీసేటప్పుడు తెలిసిన రోడ్ల వెంబడే వేలు పోనిస్తారు. నేషనల్ హైవే కనిపిస్తే దాని మీదే గీత పడుతుంది. అప్పుడు రోడ్డుకు ఇవతలి ఇళ్లు లోపల, అవతలివి బయట. గీసిన మనిషి మాత్రం ‘హైవే పక్కన’ అనుకుని ఉంటాడు, రెండు పక్కలా పనికొస్తుంది. అందుకే గీతకు కొంత మెత్తని అంచు ఉండాలి. గీత దాటి అర వేలి వెడల్పు లోపల ఉన్నవాటిని ఫలితాల్లో కలిపేయకుండా, ‘మీ గీత పక్కనే’ అని విడిగా కొన్ని చూపించాలి. కలిపేస్తే గీతకు విలువ లేదనిపిస్తుంది. దాచేస్తే ముప్పై మీటర్ల దూరంలో ఉన్న మంచి ఇల్లు చేజారుతుంది.

ఈ మెత్తదనం అన్ని వైపులా ఒకేలా ఉంటే మళ్లీ తప్పే. గీత మూసీ ఒడ్డునో, రైలు పట్టాల వెంటో పడితే అవతల అర కిలోమీటరు అంటే చుట్టి రావడానికి మూడు కిలోమీటర్లు కావచ్చు. కేపీహెచ్‌బీకీ హైటెక్ సిటీకీ మధ్య ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టాలున్నాయి. 2022లో కైతలాపూర్ బ్రిడ్జి తెరిచాక అటు ఇటు రావడానికి ఇంకో దారి దొరికింది. 2020 సెప్టెంబర్‌లో దుర్గం చెరువు మీద తీగల వంతెన రాకముందు జూబ్లీ హిల్స్ రోడ్ నంబర్ 45 నుంచి మాదాపూర్ చేరాలంటే చెరువును చుట్టి రావాల్సిందే. మ్యాప్ మీద దూరం అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. దారులే మారాయి. కాబట్టి పక్కనున్నవి చూపించేటప్పుడు నేరుగా కొలిచిన దూరం వదిలేసి, రోడ్డు మీద దూరం తీసుకోవాలి. కొన్నేళ్ల కింద దాచుకున్న లెక్కలను కొత్త బ్రిడ్జి వచ్చినప్పుడల్లా మళ్లీ వేసుకోవాలి.

ప్రయాణ సమయంతో వెతకడం గురించి పైన ఆగిన మాట ఇది. ‘రాయదుర్గం మెట్రో నుంచి పదిహేను నిమిషాల నడక’ అని అడిగితే టూల్ ఆ మేరకు చేరగల చోట్లన్నీ కలిపి ఒక ఆకారం గీసిస్తుంది. నడకకు ఇది బాగా పనిచేస్తుంది, నడకను ట్రాఫిక్ అంతగా మార్చదు. కారు ప్రయాణానికి మాత్రం పొద్దున తొమ్మిదింటి ఆకారం, మధ్యాహ్నం రెండింటి ఆకారం అన్నదమ్ముల్లా కూడా ఉండవు. ఏ వేళకు లెక్క వేశారో చెప్పకుండా ‘ముప్పై నిమిషాల్లో’ అనడం బ్రోకర్ చెప్పే ఐదు నిమిషాలకు తమ్ముడు. అన్నిటికంటే మేలైన వాడకం ఏమిటంటే, సమయంతో వచ్చిన ఆకారాన్ని మొదలుగా ఇచ్చి, దాని అంచును వేలితో లాగి మార్చుకోనివ్వడం. మనిషికి తెలిసిన విషయాలు, రాత్రి కుక్కలుండే గల్లీ, వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లు నిలిచే మలుపు, ఏ లెక్కలోనూ ఉండవు.

మధ్యలో రంధ్రం పెట్టే సౌకర్యం కావాలా అన్న చర్చ డిజైన్ చేసేవాళ్ల మధ్య తరచూ వస్తుంది. గచ్చిబౌలి, నల్లగండ్ల, లింగంపల్లి కలిపి చుట్టితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణం మధ్యలో పడుతుంది. దాన్ని తీసేయాలా? అక్కర్లేదు, అక్కడ అద్దె ఇళ్ల ప్రకటనలు ఎలాగూ ఉండవు. రంధ్రం కంటే రెండు వేర్వేరు చుట్లు గీయనివ్వడం ముఖ్యం. భార్య ఆఫీసు తార్నాకలో, భర్తది మెహిదీపట్నంలో అయితే ‘ఇది గానీ అది గానీ’ అన్నదే వాళ్ల ప్రశ్న.

ఖాళీ తెర, వాట్సాప్ లింకు

గీత గీశాక మ్యాప్‌ను పక్కకు జరిపితే ఏం కావాలి? కొన్ని టూల్స్ తెర మీద కనిపించే చోటునే వెతుకుతూ పోతాయి. గీత ఉన్నప్పుడు ఆ అలవాటు ఆగాలి. మ్యాప్ ఎటు జరిగినా ఫలితాలు గీతవే. చూస్తున్న చోట వెతకాలంటే వాడేవాళ్లే గీత తీసేసుకుంటారు. గీత లోపల రంగు నింపడం కూడా అందరూ చేసే పొరపాటు. వీధుల పేర్లు రంగు కింద మసకబారతాయి. దానికి బదులు బయటిభాగాన్ని కొంచెం నల్లబరిస్తే లోపలిది తేటగా కనిపిస్తుంది.

‘ఫలితాలు లేవు’ అన్న తెర అన్నిటికంటే అన్యాయమైనది. ఎందుకు లేవో చెప్పదు. గీత లోపల అసలు ఇళ్లే లేకపోవడం వేరు. పద్నాలుగు ఇళ్లుండి, పాతిక వేల అద్దె హద్దు వల్ల అన్నీ దాగిపోవడం వేరు. రెండో సందర్భంలో ఆ మాటే చెప్పి, ‘ముప్పై వేలకు పెంచితే ఆరు కనిపిస్తాయి’ అంటే వెతికేవాళ్లకు దారి దొరుకుతుంది.

మాటల ఎంపిక గురించీ ఒక మాట. తెలుగులో పెట్టిన యాప్‌లలో అక్కడక్కడ ‘బహుభుజిని ఎంచుకోండి’ లాంటి వాక్యాలు కనిపిస్తాయి. బహుభుజి ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో ఉండాల్సిన మాట. ‘మీ ఏరియా గీయండి’, ‘చెరిపేయండి’, ‘మళ్లీ గీయండి’ చాలు.

ఇల్లు చూడటం ఒక్కరి పని కాదు. గీసిన ఏరియాను వాట్సాప్‌లో పంపితే అవతల అదే గీత, అవే ఫిల్టర్లతో తెరుచుకోవాలి. నలభై చుక్కలను లింకులో కుదించి పెట్టడం కష్టం కాదు. అక్షాంశ రేఖాంశాలకు నాలుగు దశాంశ స్థానాలు చాలు, అది నేల మీద 11 మీటర్ల తేడా. వేలితో గీసినదానికి అంతకు మించిన కచ్చితత్వం నటించనక్కర్లేదు. అయితే పిల్లల బడి చుట్టూ గీసిన గీత ఆ కుటుంబం గురించి చాలా చెబుతుంది. అది ప్రకటనల కంపెనీలకు పోకుండా చూడాలి.

దాచుకున్న గీత మీద కొత్త ఇల్లు రాగానే కబురు పంపడం తిరగబడ్డ సమస్య. అక్కడ ఒక గీతకు వేల ఇళ్లు వెతకరు, ఒక ఇంటికి వేల గీతలు వెతుకుతారు. జల్లెడ అదే, తిప్పి పట్టుకోవాలి. కబురు ఎప్పుడు పంపాలన్నదే తెలివితో తేల్చాల్సింది. చోటు సరిగా తెలియని ఇంటి కోసం రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే ఆ కబుర్లనే ఆపేస్తారు.

చివరగా, గీయలేనివాళ్లు. చేతులు వణికే పెద్దవాళ్లున్నారు, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే అంధులున్నారు. లాగడం తప్పనిసరైన చోట తప్ప, లాగడంతో చేసే పనికి లాగకుండా చేసే దారి కూడా ఉండాలని 2023 అక్టోబర్‌లో వచ్చిన వెబ్ సౌలభ్య ప్రమాణాలు 2.2 చెబుతున్నాయి. చుక్కలు తాకే పద్ధతిని తీసేయకూడదన్నది అందుకే. ఇంకో మేలైన దారి ఏమిటంటే, గీతను పేర్లలోకి, పేర్లను గీతలోకి మార్చడం. గీశాక కింద ‘కేపీహెచ్‌బీ ఆరో ఫేజ్, తొమ్మిదో ఫేజ్, మూసాపేటలో కొంత’ అని ముక్కలుగా రావాలి. ఒక ముక్క తీసేస్తే గీత ఆ మేరకు లోపలికి జరగాలి, కొత్త పేరు చేరిస్తే సాగాలి. ‘మూసాపేటలో కొంత’ అన్నదాన్ని నొక్కితే, ఆ కొంత ఏ రోడ్డు దగ్గర ఆగిందో మాటల్లోనూ చెప్పాలి.